బడిలో బాట్ల పోటీ పెట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు టౌన్‌లోనూ, కోడుమూరు, ఓర్వకల్లు, వెల్దుర్తి వైపు హైస్కూళ్ళలోనూ బాట్ల పోటీ పెట్టాలనుకునే టీచర్లు, అందులో పాల్గొనాలనుకునే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు మామూలుగా అడిగే ప్రశ్నలకు జవాబులివి. ఎక్కువ భాగం టీచర్ల కోసమే రాశాం. పిల్లల ప్రశ్నలు, పెద్దల ప్రశ్నలు మధ్యమధ్యలో వస్తుంటాయి.

అసలు బాట్ల పోటీ అంటే ఏమిటి?

ఇందులో పిల్లలు ఆట ఆడరు, ఆట ఆడే ప్రోగ్రాం రాస్తారు. ఆ ప్రోగ్రాంనే బాట్ అంటాం. అందరి బాట్లనూ ఒక కంప్యూటర్లో వేసి ఒకదానితో ఒకటి ఆడిస్తాం. బాట్ ఇచ్చేశాక దాన్ని రాసిన పిల్ల చేతిలో ఇంకేమీ ఉండదు, కూర్చుని చూడాల్సిందే. "అయ్యో, అక్కడ అట్లెందుకు ఆడింది!" అని ఎవరైనా అరిచారంటే పోటీ సరిగ్గా నడుస్తున్నట్టే. ఆ ప్రశ్నకు జవాబు తను రాసిన నాలుగు లైన్లలోనే ఉంటుంది కాబట్టి, వెళ్ళి వెతుక్కుంటుంది. ప్రోగ్రామింగ్ నేర్పడానికి ఇంతకంటే మంచి దారి మాకు తెలియదు.

ఏ ఆట పెట్టాలి? చదరంగం పెట్టొచ్చా?

మొదటి ఏడాది వద్దు. చదరంగంలో ఏ పావు ఎటు కదలొచ్చో కంప్యూటర్‌కు చెప్పడానికే పిల్లల ఓపిక అయిపోతుంది, ఆలోచన దాకా రారు. సున్నా-ఇంటూ ఆట (టిక్-టాక్-టో) కూడా వద్దు. అందులో ఇద్దరూ సరిగ్గా ఆడితే ప్రతిసారీ డ్రానే, రెండో రోజుకు ఎవరికీ ఆసక్తి ఉండదు.

మొదటి ఆటకు రూల్స్ రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. బాట్ పది లైన్లలోపు రాయగలగాలి. అయినా ఏది గెలుస్తుందో ముందే ఎవరూ చెప్పలేకుండా ఉండాలి. ఈ మూడూ ఉన్న ఆట ఒకటుంది. దాన్ని మన సీమ పిల్లలకు అర్థమయ్యేట్టు "ఒకే బోరు" అని పేరు పెట్టి చెబుతాం.

ఇద్దరు రైతులకు కలిపి ఒకటే బోరు. ప్రతి విడతలో ఒక్కొక్కరూ రెండు మాటల్లో ఒకటి చెప్పాలి: "వంతు" లేదా "ఎక్కువ". వంతు అంటే నా వాటా నీళ్ళే పారించుకుంటా. ఎక్కువ అంటే రాత్రి కూడా మోటారు వేసి నీ వాటా కూడా తోడేస్తా. ఇద్దరూ ఒకేసారి చెప్పాలి, అవతలివాడు ఏం చెబుతున్నాడో ముందుగా తెలియదు. ఇద్దరూ వంతు అంటే చెరో 3 పాయింట్లు. ఒకరు ఎక్కువ, ఒకరు వంతు అంటే ఎక్కువ అన్నవాడికి 5, వంతు అన్నవాడికి 0. ఇద్దరూ ఎక్కువ అంటే బోరు అడుగంటుతుంది, చెరో 1. ఇదే 200 సార్లు జరుగుతుంది. జరిగిందంతా బాట్‌కు గుర్తుంటుంది.

మన జిల్లాలో ఈ కథను ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేదు. బోరు ఎండిపోవడం అంటే ఏమిటో ఏడో తరగతి పిల్లకు మనకంటే బాగా తెలుసు.

ఈ ఆట మీరు కనిపెట్టిందేనా?

కాదు. కథ ఒక్కటే మనది. దీన్ని ఆటల సిద్ధాంతంలో (గేమ్ థియరీ) ఖైదీల సందిగ్ధం (ప్రిజనర్స్ డైలమా) అంటారు. అమెరికాలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే రాజనీతి శాస్త్రవేత్త దీని మీద కంప్యూటర్ ప్రోగ్రాములతో పోటీలు పెట్టి, 1980లో ఫలితాలు ప్రకటించారు. 5, 3, 1, 0 అన్న పాయింట్లు కూడా అందులోవే. మొదటిసారి 14 ప్రోగ్రాములు వచ్చాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది గెలిచింది. పంపింది అనటోల్ రాపొపోర్ట్ అనే గణిత మనస్తత్వ శాస్త్రవేత్త. దాని పేరు టిట్ ఫర్ టాట్. మొదటి విడతలో వంతు అంటుంది, ఆ తర్వాత ప్రతిసారీ అవతలివాడు కిందటిసారి ఏమన్నాడో అదే అంటుంది. అంతే.

ఈ ఫలితం అందరికీ చెప్పి, దాన్ని ఓడించడానికి రమ్మని మళ్ళీ పోటీ పెట్టారు. ఈసారి 62 ప్రోగ్రాములు వచ్చాయి. పంపినవాళ్ళలో ప్రొఫెసర్లున్నారు, పదేళ్ళ పిల్లాడూ ఉన్నాడు. మళ్ళీ టిట్ ఫర్ టాటే గెలిచింది. ఆ పదేళ్ళ పిల్లాడి సంగతి మాత్రం పోటీ మొదలుపెట్టే రోజు మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

సార్, మరి అందరం టిట్ ఫర్ టాట్ రాసేస్తే సరిపోతుంది కదా?

ఈ ప్రశ్న అడిగిన పిల్లను మెచ్చుకోండి, తర్వాత లెక్క వేయించండి. 200 విడతల మ్యాచ్‌లో టిట్ ఫర్ టాట్‌కు ఎదురుగా "ఎప్పుడూ ఎక్కువ" అనే బాట్‌ను పెడదాం. మొదటి విడతలో దానికి 5, మనకు 0. మిగతా 199 విడతల్లో చెరో 1. చివరికి దానికి 204, మనకు 199. మ్యాచ్ మనమే ఓడిపోయాం! నిజానికి టిట్ ఫర్ టాట్ ఏ ఒక్క మ్యాచ్‌లోనూ ఎదుటివాడి కంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకోలేదు. సమానం చేసుకుంటుంది, లేదా కాస్త తగ్గుతుంది.

ఇప్పుడు నాలుగు బాట్ల లీగ్ చూద్దాం. లీగ్ అంటే ప్రతి బాటూ మిగతా ప్రతి బాట్‌తో ఒక మ్యాచ్ ఆడాలి, చివరికి మొత్తం పాయింట్లే లెక్క. మూడు టిట్ ఫర్ టాట్‌లు, ఒకటి ఎప్పుడూ ఎక్కువ. టిట్ ఫర్ టాట్‌లు తమలో తాము ఆడుకున్నప్పుడు చెరో 600. కాబట్టి ఒక్కోదానికి 600, 600, 199 కలిపి 1399. ఎప్పుడూ ఎక్కువకు మూడు 204లు, అంటే 612. ప్రతి మ్యాచూ గెలిచిన బాట్ లీగ్‌లో ఆఖరి స్థానంలో ఉంది. బోర్డు మీద ఈ లెక్క వేసేటప్పుడు క్లాసులో నిశ్శబ్దం వస్తుంది. తొందరపడి వివరించకండి, పిల్లలనే చెప్పనివ్వండి.

తర్వాత ఇంకో లీగ్ వేయండి. ఆ మూడు టిట్ ఫర్ టాట్‌ల స్థానంలో మూడు "ఎప్పుడూ వంతు" బాట్లు. ఈసారి ఎప్పుడూ ఎక్కువకు మూడు వెయ్యిలు, మొత్తం 3000. పాపం మిగతావాటికి 1200 చొప్పున. అంటే మంచి బాట్ ఏదన్నది చుట్టూ ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పక్క బెంచీవాళ్ళు ఏం రాస్తారో ఊహించి రాయాలి. అందుకే ఈ పోటీ ప్రతి బడిలో, ప్రతి ఏడాదీ కొత్తగా ఉంటుంది.

మా బడిలో కంప్యూటర్లు ఐదారే పనిచేస్తాయి. పిల్లలు వందమంది. ఎట్లా?

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అని మా అభిప్రాయం. కంప్యూటర్లు లేవని పోటీ మానుకోకండి. ఈ ఆటలో బాట్‌ను కాగితం మీదే రాయొచ్చు.

ఒక కాగితం మీద ఐదు గళ్ళు గీయండి. మొదటి గడిలో: ఆట మొదలవగానే ఏమంటావు? రెండో గడిలో: కిందటిసారి ఇద్దరూ వంతు అన్నారు, ఇప్పుడేమంటావు? మూడోది: నువ్వు వంతు అన్నావు, అవతలివాడు ఎక్కువ అన్నాడు. నాలుగోది: నువ్వు ఎక్కువ అన్నావు, అవతలివాడు వంతు అన్నాడు. ఐదోది: ఇద్దరూ ఎక్కువ అన్నారు. ప్రతి గడిలో వ అని గానీ ఎ అని గానీ రాయాలి. బాట్ తయారు! టిట్ ఫర్ టాట్ ఇందులో "వవఎవఎ" అవుతుంది. ఒక్కసారి ఎవరైనా మోసం చేస్తే ఇక జన్మలో నమ్మని బాట్ "వవఎఎఎ". ఇలా రాయగల బాట్లు మొత్తం 32. రెండును ఐదుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య. ఇది కూడా పిల్లలతోనే చెప్పించండి.

ఆడించడానికి అట్టముక్కలు చాలు. ఒకవైపు వ, ఇంకోవైపు ఎ అని పెద్దగా రాసి, ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, వాళ్ళ కాగితాలు వాళ్ళ చేతికివ్వండి. మీరు మూడు లెక్కపెట్టగానే ఇద్దరూ అట్ట ఎత్తాలి. మూడోవాళ్ళు బోర్డు మీద పాయింట్లు వేస్తారు. ఇక్కడ ఒక్క రూలు గట్టిగా పెట్టండి: కాగితంలో ఏముంటే అదే ఎత్తాలి. మధ్యలో మనసు మార్చుకోకూడదు. రెండు మూడు విడతలయ్యాక ఒక పిల్లాడి మొహం మారుతుంది, చెయ్యి తిప్పబోతాడు, కాగితం చూసి మళ్ళీ వెనక్కి తిప్పుతాడు. ప్రోగ్రాం అంటే ఏమిటో వాడికి ఆ క్షణంలో అర్థమైపోతుంది.

చేత్తో 20 విడతలు చాలు. తర్వాత ఆ ఐదక్షరాలనూ ఎవరో ఒకరు కంప్యూటర్లో టైపు చేస్తే పూర్తి లీగ్ నడుస్తుంది. వందమంది కాగితాలు టైపు చేయడం పెద్ద పనేం కాదు. కాగితం బాట్లకు వేరే లీగ్ పెట్టకండి, కోడ్ రాసినవాళ్ళతో కలిపే ఆడించండి. చిన్న బాట్ పెద్ద బాట్‌ను దాటిపోవడం ఈ ఆటలో మామూలే.

కోడ్ రాసేవాళ్ళు ఏ భాష వాడాలి?

పైథాన్. ఉచితం, పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది, సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నది కూడా అదే. రాయడానికి థానీ అనే ఎడిటర్ పెట్టండి. మొదటిసారి నేర్చుకునేవాళ్ళ కోసమే చేసిన తేలికైన ఎడిటర్, లైను లైనుగా ఆపి చూపిస్తుంది.

తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ఇఫ్, రిటర్న్ లాంటివి ఇంగ్లిష్‌లోనే ఉంటాయి గానీ, "నా_ఎత్తులు", "ఎదుటి_ఎత్తులు" అని రాసుకుంటే ప్రోగ్రాం ఒప్పుకుంటుంది. మొదటి వారం భయం పోవడానికి ఇది చాలా సాయం చేస్తుంది. తెలుగు టైపింగ్ రాకపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు రాసుకున్నా ఫరవాలేదు.

ఇంటర్నెట్ కావాలా?

అవసరం లేదు. ఇన్‌స్టాల్ ఫైళ్ళు ఒకసారి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే చాలు. బాట్లు తీసుకునే పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంచండి, ఇంటి నుంచి తెచ్చినవి ల్యాబ్‌లో పెట్టనివ్వకండి. వైరస్ తెచ్చిపెట్టేవి అవే.

ఒక్కరోజులో పెట్టేయొచ్చా? సైన్స్ ఫెయిర్‌తో పాటు పెడదామనుకుంటున్నాం.

ఫైనల్ ఒక్కరోజు పెట్టండి, పోటీ మాత్రం కనీసం నాలుగైదు వారాలు నడపండి. ఈ విషయంలో మేము పట్టుబడతాం. ఒక్కరోజు పోటీలో గెలిచేది ముందే కోడింగ్ వచ్చినవాళ్ళు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న ఇద్దరు ముగ్గురు గెలుస్తారు, మిగతావాళ్ళు "మనకిది రాదు" అని నేర్చుకుని ఇంటికెళ్తారు. అంతకంటే నష్టం ఏముంటుంది?

వారానికొక లీగ్ నడిపితే లెక్క మారిపోతుంది. సోమవారం ఉదయం ప్రార్థన అయ్యాక నోటీసు బోర్డులో పాయింట్ల పట్టిక పెట్టండి. పక్కన ప్రతి జట్టుకూ (ఇద్దరు పిల్లలు కలిసి ఒక బాట్ రాస్తారు) వాళ్ళ బాట్ ఘోరంగా ఓడిన ఒక మ్యాచ్ తాలూకు మొదటి 15 ఎత్తులు ప్రింట్ చేసి ఇవ్వండి. పట్టిక కంటే ఈ చిన్న కాగితమే ఎక్కువ పని చేస్తుంది. దాన్ని పట్టుకుని పిల్లలు మధ్యాహ్న భోజనం క్యూలో మాట్లాడుకుంటారు. శుక్రవారం లోపు మార్చిన బాట్ ఇవ్వొచ్చు. ఎన్నిసార్లు మార్చినా పాయింట్లు తగ్గవు. మొదటి వారం అట్టడుగున ఉన్న జట్టు నాలుగో వారానికి మధ్యలోకి రావడాన్ని బడంతా చూస్తుంది.

ఏ నెలల్లో పెట్టాలి?

దసరా సెలవులకు ముందు మొదలుపెట్టి నవంబరు 14, బాలల దినోత్సవానికి ఫైనల్ పెట్టుకుంటే బాగుంటుంది. సెలవుల్లో ఆలోచించుకోవడానికి టైము దొరుకుతుంది. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం చాలామందికి గుర్తొస్తుంది గానీ అప్పటికి పదో తరగతి వాళ్ళు పబ్లిక్ పరీక్షల టెన్షన్‌లో ఉంటారు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, మన ఎండల్లో మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చోబెట్టే మాటే లేదు.

ఒక్కో ఎత్తుకు బాట్‌కు ఎంత టైము ఇవ్వాలి?

చిన్న విషయంలా కనబడుతుంది గానీ ఫైనల్ రోజు కొంప ముంచేది ఇదే. లెక్క చూడండి. 40 బాట్లుంటే ప్రతిదీ ప్రతిదానితో ఆడాలంటే 780 మ్యాచ్‌లు. మ్యాచ్‌కు 200 విడతలు, విడతకు రెండు బాట్లు. మొత్తం 3,12,000 సార్లు బాట్లను అడగాలి. ఎత్తుకు 50 మిల్లీసెకన్లే కదా అని అనుమతిస్తే, అన్ని బాట్లూ ఆ టైమంతా వాడుకుంటే 4 గంటల 20 నిమిషాలు పడుతుంది. అందుకని ఎత్తుకు కాకుండా మ్యాచ్ మొత్తానికి కలిపి టైము పెట్టండి. ఒక్కో బాట్‌కు మ్యాచ్‌కు 2 సెకన్లు ఇస్తే ఎంత ఆలస్యమైనా 52 నిమిషాల్లో లీగ్ ముగుస్తుంది. మామూలు బాట్లకు అందులో పదో వంతు కూడా పట్టదు.

ఇంకొకటి. 200 విడతలని ముందే చెబితే 200వ విడతలో అందరూ ఎక్కువ అంటారు, తర్వాత శిక్షించేవాడు ఉండడు కాబట్టి. అది తెలిసినవాడు 199లోనే మొదలుపెడతాడు, ఇంకొకడు 198లో. ఆక్సెల్‌రాడ్ రెండో పోటీలో ఆట ఎక్కడ ముగుస్తుందో ముందుగా తెలియకుండా చేశారు. మీరూ మొదటి వారం 200 అని చెప్పి పెట్టి, ఈ తెలివి ఎవరికో ఒకరికి తట్టాక, రెండో వారం నుంచి సంఖ్య దాచేయండి.

బాట్ మధ్యలో ఆగిపోతే?

ఆ విడతకు వంతు అన్నట్టు లెక్కేసి ఆట సాగించండి. ఒకే మ్యాచ్‌లో మూడుసార్లు ఆగిపోతే ఆ మ్యాచ్‌కు సున్నా. జట్టును పోటీ నుంచి తీసేయకండి. ఏ లైన్లో ఎర్రర్ వచ్చిందో ప్రింట్ తీసి ఇవ్వండి.

పిల్లలు తమ కోడ్‌లో ఏం జరుగుతోందో చూసుకోవడానికి మధ్యమధ్యలో ప్రింట్ అని రాసుకుంటారు. బాట్లను ఆడించి పాయింట్లు లెక్కేసే మీ లీగ్ ప్రోగ్రాం, బాట్ ప్రింట్ చేసినదాన్నే ఎత్తుగా తీసుకునేట్టయితే అంతా గందరగోళమవుతుంది. ప్రింట్లు వేరే ఫైల్లోకి ఎలా పంపాలో మొదటి రోజే నేర్పండి.

పిల్లలు మోసం చేస్తే?

చేయడానికి ప్రయత్నిస్తారు. అందులో సగం తెలివితేటలే, తిట్టకండి. కానీ దారులు మాత్రం మూసేయాలి. అన్ని బాట్లనూ లీగ్ ప్రోగ్రాంలోనే కలిపి నడిపితే, పైథాన్ బాగా తెలిసినవాడు అవతలి బాట్ ఏం ఆలోచిస్తోందో తొంగి చూడగలడు. పాయింట్ల పట్టికను కూడా మార్చగలడు. అందుకని ప్రతి బాట్‌నూ వేరే ప్రాసెస్‌గా, అంటే కంప్యూటర్లో విడి ప్రోగ్రాంగా నడపండి, టైము దాటితే ఆ ప్రాసెస్‌ను ఆపేయండి. లినక్స్‌లో అయితే బాట్ల కోసం వేరే యూజర్‌ను పెట్టి, వేరే ఫోల్డర్లు తెరవడానికి అనుమతి లేకుండా చేయొచ్చు. ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి.

కుమ్మక్కు ఇంకో రకం. 2004లో ఇదే ఆట మీద జరిగిన పోటీలో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చాలా బాట్లు పంపారు. అవి మొదటి కొన్ని ఎత్తులనే గుర్తుగా పెట్టుకుని ఒకదాన్నొకటి పోల్చుకునేవి. మనవాడే అని తెలియగానే కొన్ని బాట్లు కావాలని ఓడిపోయి తమ నాయకుడికి ఐదేసి పాయింట్లు అప్పగించేవి. వాళ్ళ బాట్లు పైస్థానాల్లోకి వచ్చాయి, అడుగున ఉన్నవీ వాళ్ళవే. పోటీ రూల్స్ దాన్ని ఆపలేదు. బడిలో మాత్రం జట్టుకు ఒకటే బాట్ అని రాసి పెట్టండి. రెండు జట్లు కలిసి ఇలా చేస్తే ఏం చేయాలన్నది పిల్లలతోనే చర్చ పెట్టి తేల్చుకోవడం మంచిది. వాళ్ళు పెట్టుకున్న రూలును వాళ్ళే కాపాడుకుంటారు.

చాట్‌జీపీటీతో రాయించుకొస్తే ఎట్లా పట్టుకోవాలి?

పట్టుకునే ప్రయత్నమే వద్దు. ఎక్కడి నుంచి సాయం తెచ్చుకున్నా సరే, ఫైనల్‌కు ముందు జట్టులో ఇద్దరినీ విడివిడిగా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి కోడ్ చూపించండి. "రెండుసార్లు వరసగా మోసపోయాకే తిరగబడేట్టు మార్చు" అని అడగండి. అర్థమైన పిల్ల ఎక్కడ మార్చాలో వేలు పెట్టి చూపిస్తుంది, టైపు చేయడంలో తడబడినా ఫరవాలేదు. చూపించలేకపోతే ఆ బాట్ లీగ్‌లో ఆడుతుంది గానీ బహుమతికి రాదు. ఈ రూలు మొదటి రోజే చెప్పేయండి.

రౌండ్ మధ్యలో కరెంటు పోతే?

ప్రతి మ్యాచ్ అవగానే ఫలితాన్ని ఫైల్లోకి రాసేట్టు పెట్టుకుంటే, కరెంటు వచ్చాక ఆగిన చోటు నుంచి మొదలుపెట్టొచ్చు. ఫైనల్ రోజు ల్యాప్‌టాప్ మీద నడపండి. ఎత్తుల్ని యాదృచ్ఛికంగా వేసే బాట్లుంటే ఆ మ్యాచ్ సీడ్ సంఖ్యను (యాదృచ్ఛిక ఎత్తులు దేని నుంచి మొదలయ్యాయో ఆ అంకె) కూడా రాసి పెట్టండి. "మళ్ళీ ఆడించండి సార్, మా బాట్ గెలిచేది" అని ఎవరైనా వస్తే అదే మ్యాచ్‌ను ఉన్నదున్నట్టు మళ్ళీ చూపించొచ్చు.

మా పిల్లలకు ఒకే బోరు ఆట అయిపోయింది. తర్వాత ఏం పెట్టాలి?

ముందు అదే ఆటలో ఒక చిన్న మార్పు చేయండి. యాభై ఎత్తుల్లో ఒకటి తారుమారయ్యేట్టు పెట్టండి. బాట్ వంతు అనే అంటుంది, అవతలికి ఎక్కువ అని చేరుతుంది. ఒక్క పొరపాటుతో రెండు టిట్ ఫర్ టాట్‌ల మధ్య పగ మొదలవుతుంది. ఒకసారి ఇతను, ఒకసారి అతను, వంతులవారీగా కొట్టుకుంటూనే ఉంటాయి. గెలిచిన బాట్ ఒక్కసారిగా కుదేలవడం చూసి పిల్లలు నమ్మలేరు.

అప్పుడు "వవఎఎవ" అనే కాగితం బాట్‌ను బోర్డు మీద రాయండి. లాభం వస్తే చేసిందే చేస్తుంది, నష్టం వస్తే మార్చుకుంటుంది. ఇలాంటి రెండింటి మధ్య పొరపాటున ఒకటి ఎక్కువ అందనుకుందాం. తర్వాతి విడతలో రెండూ ఎక్కువ అంటాయి. ఆ తర్వాత రెండూ వంతుకు వచ్చేస్తాయి. రెండే విడతల్లో గొడవ సర్దుకుంది. మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ అనే పరిశోధకులు 1993లో దీని బలాన్ని చూపించారు. అయితే ఎప్పుడూ ఎక్కువ బాట్ ముందు ఇది మాటిమాటికీ మోసపోతూనే ఉంటుంది. ఎందుకో అట్టముక్కలతో ఆడించి చూడండి.

పులి-మేక పెట్టొచ్చా?

రెండో ఏడాదికి అంతకంటే మంచి ఆట లేదు. 3 పులులు, 15 మేకలు, 23 బిందువులు. పిల్లలకు రూల్స్ రాకపోతే ఇంట్లో అవ్వనో తాతనో అడిగి వస్తారు. ఎన్ని మేకలు పోతే పులులు గెలిచినట్టు అన్నది ఊరూరికీ మారుతుంది కాబట్టి, పోటీకి ఒకే రూలు అనుకుని గోడ మీద అంటించండి.

బిందువులకు 1 నుంచి 23 దాకా అంకెలు వేయండి. ఏ బిందువు నుంచి దేనికి కదలొచ్చు అన్నది ఒక జాబితా. పులి దూకడానికి ఇంకో జాబితా: ఎక్కడి నుంచి, మధ్యలో ఏది, ఎక్కడికి. ఈ రెండో జాబితాలోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఒక్క అంకె తప్పు పడితే పులి లేని గీత మీదుగా దూకేస్తుంది. కాబట్టి జాబితాలు మీరే చేసి, ముగ్గురు పిల్లలతో సరిచూయించి, అందరికీ ఒకటే ఇవ్వండి.

పులికీ మేకకూ బలం సమానం కాదు కాబట్టి ప్రతి జోడీ రెండు ఆటలు ఆడాలి, ఒకసారి పులులుగా, ఒకసారి మేకలుగా. ఆట తేలకుండా అటూ ఇటూ కదులుతూ ఉంటే ఫలానా ఎత్తుల తర్వాత డ్రా అని ముందే పెట్టండి. ఫైనల్‌ను ప్రొజెక్టర్ మీదో, ఐఎఫ్‌పీ ప్యానెల్ (క్లాసులో పెట్టే పెద్ద టచ్ స్క్రీన్) మీదో ఎత్తుకు ఒక సెకను ఆపుతూ చూపించండి. మైకు ఒక పిల్లకిచ్చి కామెంటరీ చెప్పించండి. తల్లిదండ్రులకు కోడ్ అర్థం కాకపోవచ్చు, మేక చిక్కిందంటే మాత్రం అందరికీ అర్థమవుతుంది.

అమ్మాయిలు పేర్లు ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

చాలాచోట్ల కారణం ఆసక్తి కాదు, టైము. బడి అయ్యాక సాయంత్రం ల్యాబ్ అంటే కోడుమూరు వైపు ఆర్టీసీ బస్సు ఎక్కాల్సిన అమ్మాయి ఉండలేదు. ల్యాబ్ గంటను బడి వేళల్లోనే పెట్టండి. క్లాసులో అందరి చేతా కాగితం బాట్ రాయించండి, పేర్లు ఇవ్వడం అన్నదే ఉండదు. ఇద్దరి జట్టులో కీబోర్డు పది నిమిషాలకోసారి చేతులు మారాలన్న రూలు పెట్టండి. లేకపోతే ఎప్పుడూ ఒకరే టైపు చేస్తారు, ఇంకొకరు చూస్తూ కూర్చుంటారు.

మా బాబు చదువు పక్కన పెట్టి ఆటలాడుతున్నాడు. దీనివల్ల మార్కులేమైనా వస్తాయా?

మార్కులు రావు. వారానికి రెండు పీరియడ్లకు మించి టైము తీసుకోదు. కానీ ఒకసారి మీ అబ్బాయిని ఆ పాయింట్ల లెక్క మీకు చెప్పమనండి. 780 మ్యాచ్‌లు ఎక్కడి నుంచి వచ్చాయో అడగండి. ఇంటర్లో ఎంపీసీ పిల్లలు సూత్రంగా బట్టీపట్టేది మీవాడు అవసరమై కనుక్కున్నాడని తెలుస్తుంది.

బహుమతులు ఏమివ్వాలి?

నగదు వద్దు. పుస్తకాలు, పెన్‌డ్రైవ్‌లు, సర్టిఫికెట్ చాలు. మొదటి బహుమతికి ఎంత విలువో, మొదటి వారం నుంచి చివరి వారానికి ఎక్కువ మెట్లు ఎక్కిన జట్టుకూ అంతే విలువైనది ఇవ్వండి. "అందరికీ అర్థమయ్యేట్టు రాసిన కోడ్" అని ఇంకొకటి పెట్టొచ్చు. దాన్ని పిల్లలే ఓటేసి ఎన్నుకుంటారు.

ఓడినవాళ్ళు బాధపడుతున్నారు. ఆఖరి స్థానాలు బోర్డులో వేయాలా?

మొదటి పది స్థానాలే వేయండి. మిగతావాళ్ళకు వాళ్ళ స్థానం, కిందటి వారం స్థానం చీటీలో రాసివ్వండి. పట్టికలో పిల్లల పేర్లు కాకుండా బాట్ల పేర్లుండాలి. కొండారెడ్డి బురుజు, తుంగభద్ర, ఉగ్గాని బజ్జీ అని పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. ఓడింది ఉగ్గాని బజ్జీ అయితే అంత బాధ ఉండదు.

మాకెవరికీ పైథాన్ రాదు. సాయం ఎవరిని అడగాలి?

జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది, టౌన్‌లో జి. పుల్లారెడ్డి కాలేజీతో మొదలుపెట్టి ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. రెండో, మూడో సంవత్సరం విద్యార్థులను ప్రిన్సిపాల్ ద్వారా అడగండి. కడప, అనంతపురం వైపు వాళ్ళకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, జేఎన్‌టీయూ ఉన్నాయి. లీగ్ నడిపే ప్రోగ్రాం వాళ్ళతో రాయించుకోండి, బాట్లలో మాత్రం వాళ్ళు వేలు పెట్టకూడదు. వచ్చిన అన్న, అక్క కీబోర్డు ముట్టుకోకుండా నోటితోనే చెప్పాలని మొదటే మాట తీసుకోండి. మీకు పైథాన్ రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. అట్టముక్కల రౌండ్‌కు లెక్కల టీచరుంటే చాలు.

పోటీ అయ్యాక బాట్లను ఏం చేయాలి?

పిల్లల అనుమతితో ఒక ఫోల్డర్లో, ఏడాది పేరుతో దాచండి. ఫైనల్ మరుసటి రోజు అందరి కోడ్ అందరికీ చూపించండి. ఎవరు ఎలా గెలిచారో అప్పుడే తెలుస్తుంది. ఈ ఏడాది మొదటి ఐదు బాట్లను వచ్చే ఏడాది మొదటి వారం లీగ్‌లో కలపండి. కొత్తగా చేరే ఎనిమిదో తరగతి పిల్లలు ముందుగా వాటితో ఆడాలి. వాటిని రాసిన సీనియర్లు తొమ్మిదిలోనో పదిలోనో ఉంటారు కాబట్టి, తమ పాత బాట్ ఎవరి చేతిలో ఓడిందో చూడడానికి సోమవారం నోటీసు బోర్డు దగ్గరికి వాళ్ళూ వస్తారు.